పెదవి దాటిన మాట: విశాఖ తీరపు యుద్ధపాఠము



పెదవి దాటిన మాట పృథివి దాటునని పెద్దలు చెప్పుదురు. యుద్ధమున ఈ సామెత యెంత నిజమో 1971వ సంవత్సరమున విశాఖపట్టణ తీరమున తేలినది.

ఆనాడు భారత నౌకాదళమునకు విమానవాహక నౌక విక్రాంత్ ఒక్కటే. దాని బాయిలరు పగిలి వేగము తగ్గియుండెను. దానిని ముంచుటకై పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ నవంబరు 14వ తేదీన కరాచీ విడిచి బంగాళాఖాతమునకు బయలుదేరెను.

గాజీ నీటిలో దాగెను గాని, దాని అవసరములు దాగలేదు. ఒక విధమైన కందెన నూనెను గూర్చి చిట్టగాంగు నౌకాధికారులను అడిగిన వైర్‌లెస్ వార్త మనవారి చెవిని బడెను. ఆ నూనెను వాడునవి జలాంతర్గాములు, మందుపాతరలను ఏరివేయు ఓడలు మాత్రమే. ఆ చిన్న మాటనుండి పెద్ద అపాయమును గ్రహించినవాడు తూర్పు నౌకాదళాధిపతి వైస్ ఆడ్మిరల్ ఎన్. కృష్ణన్.

వైర్‌లెస్ వార్తకు కంచె లేదు. రహస్యలిపిలో నున్నను అది ఏ దిక్కునుండి వచ్చినదో రెండు చోట్ల కొలిచినచో, ఆ గీతలు కలిసిన చోటు పంపినవాని తావు. వార్తల సంఖ్యయు గుట్టు చెప్పును. ఏ యింట పెండ్లియో అటు పోవు బండ్లను బట్టి తెలిసికొనుట వంటిదే యిది.

శత్రువు వినుచున్నాడని యెరిగిన కృష్ణన్ ఆ చెవినే ఆయుధముగా మలచెను. విక్రాంత్‌ను అండమాను దీవుల చాటునకు పంపి మౌనము విధించెను. రాజ్‌పుత్ అను పాత యుద్ధనౌక విక్రాంత్ వలె నటించుచు పెక్కు వార్తలు పంపెను. తల్లి ఆరోగ్యమును విచారించుచు విక్రాంత్ నావికుడు పంపినట్లుగా ఒక టెలిగ్రాము కూడ పోయెను. పెద్ద నౌకలు రేవునకు వచ్చినట్లు తోచుటకై విశాఖ బజారులో మాంసము, కూరగాయలు విస్తారముగా కుదుర్చుకొనిరని ఆయన స్మృతులు చెప్పుచున్నవి.

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటగానే రేవు వెలుపల గొప్ప ప్రేలుడు వినవచ్చెను. గాజీ మునిగి, అందలి 90 మందికి పైగా నావికులు మరణించిరి. రాజ్‌పుత్ విసరిన నీటి బాంబులే కారణమని భారత నౌకాదళ కథనము. తమ మందుపాతర వలననో లోపలి ప్రేలుడు వలననో జరిగినదని పాకిస్తాన్ వాదము. ఈ వివాదము ఎట్లు తీరినను ఒకటి నిశ్చయము: గాజీ విశాఖకు వచ్చెను, విక్రాంత్ అచ్చట లేదు. డిసెంబరు 4వ తేదీననే విక్రాంత్ విమానములు కాక్సుబజారుపై దాడి చేసెను. మునిగిన వారును తల్లుల బిడ్డలే. విన్న మాటను నమ్మిన దోషమునకు వారి ప్రాణములు మూల్యమయ్యెను.

ఇందు నాయకుని గొప్పతనము యంత్రములో లేదు. వినగల యంత్రములు ఇరుపక్షముల నుండెను. విన్నదానిని తూచుట, తనవారిచే మౌనము పాటింపజేయుట నాయకుని పని. నేడు వైర్‌లెస్‌తో బాటు కంప్యూటరు కూడ యుద్ధభూమి యైనది. హైదరాబాదులో 1962లో నెలకొన్న రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల ఇట్టి విద్యకే అంకితము. 2019లో త్రివిధ దళములకు సైబర్ సంస్థ ఏర్పడి, రియర్ ఆడ్మిరల్ మోహిత్ గుప్తా దాని తొలి అధిపతి యయ్యెను.

నర్మెట్టకు సముద్రము దూరమే. కాని ప్రతి చేతిలోను ఫోను కలదు. సెలవుపై వచ్చిన సైనికుడు ఏ రైలెక్కునో, ఏ శిబిరమునకు పోవునో పదిమందికి పంపుట ఆ నూనె వార్త వంటిదే.

మరియొక పాఠము వినువారిది. వైర్‌లెస్, టెలిగ్రాము, బజారు మూడును ఒకే మాట చెప్పెను. కాని ఆ మూడు నోళ్ల వెనుక నున్నది ఒక్క నోరే. పదిమంది చెప్పినంతనే మాట నిజము గాదు. ఎవరు మొదట చెప్పిరో విచారింపవలెను. ఆ విచారణకు పత్రికలను, పుస్తకములను ప్రక్కప్రక్కన నిలుపు చోటు గ్రంథాలయము. ఇరువదియైదేండ్లు ఆ పని చేసిన ఈ గ్రంథాలయమును గ్రామము ఇకముందును కాపాడుకొనవలెను.