పేరుకు పబ్లిక్, ఫీజుకు ప్రైవేట్

ఇంగ్లండులో ఎవరైనా "మావాడిది పబ్లిక్ స్కూలు" అంటే సర్కారు బడి అనుకునేరు! అది ఫీజు కట్టే బడి. అందులోనూ పాతది, పేరు మోసినది. ఏ ఊరివాడైనా, తండ్రిది ఏ వృత్తయినా, డబ్బు కట్టగలిగితే చేర్చుకునేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. మన బేగంపేటలో జాగీర్దార్ల పిల్లల బడి హైదరాబాద్ పబ్లిక్ స్కూలైందంటే, ఆ మాట అక్కడిదే.

ఈటన్ అనే పబ్లిక్ స్కూలు సంగతే చూడండి. 1440లో ఆరవ హెన్రీ రాజు 70 మంది పేద పిల్లలకు ఉచిత చదువు కోసం పెట్టాడు. నేటికీ ఆ 70 స్థానాలున్నాయి. ఇప్పుడవి గట్టి పరీక్ష నెగ్గినవారికి. తోక కోటు మీద నల్ల గౌను వాళ్ల గుర్తు. మిగతావాళ్లు 'హౌస్'లలో ఉంటారు. ఒక్కోదానిలో సుమారు యాభైమంది, ఎవరి గది వారిది. పెద్దదిక్కు హౌస్ మాస్టరు. జ్వరమొస్తే చూసుకునే ఆవిడను 'డేమ్' అంటారు.

ఇలాంటి ఫీజు బడుల్లో సాధారణంగా పదమూడేళ్లదాకా ప్రెప్ స్కూలు, ఆపైన పద్దెనిమిదిదాకా సీనియర్ స్కూలు. వందమంది పిల్లల్లో ప్రైవేటు బడికెళ్లేది ఆరేడుగురే. చాలా బడులు ధర్మసంస్థలుగా నమోదైనవే. అయినా 2025 జనవరి నుంచి ఫీజుపై 20 శాతం వ్యాట్ పడుతోంది.

అన్నట్టు, స్కాట్లండులో మాత్రం పబ్లిక్ స్కూలంటే అచ్చంగా సర్కారు బడే!