రాసే చేతికీ హస్తవాసి ఉంటుంది

 

మన ఊళ్లలో డాక్టరును మెచ్చుకోవడానికి ఒక మాట ఉంది. "ఆయన హస్తవాసి మంచిదండీ" అంటారు. గోడ మీద ఎన్ని డిగ్రీలు వేలాడుతున్నాయో చూడరు. ఆ చెయ్యి తగిలితే జబ్బు నయమవుతుందని నమ్ముతారు. ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ డాక్టర్లు మీ అందరికీ ఆ పేరు రావాలని కోరుకుంటున్నాను. నాడి చూసే చెయ్యి, మందు ఇచ్చే చెయ్యి గురించి మీ గురువులు మీకు అయిదేళ్లపాటు చెప్పారు. రిజిస్టరులో రాసే చెయ్యి గురించి నేను చెబుతాను. దాని విలువ నాకు రెండు ప్రాణాలు పోయాక తెలిసింది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో సంగతి. కాలువ గట్టున ఉన్న ఒక పెద్ద ఊరు. జులై మొదటి వారంలో ఒక కుర్రాడు వచ్చాడు. ఆకలి లేదన్నాడు, వికారంగా ఉందన్నాడు. కళ్లు చూస్తే పచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లు. విశ్రాంతి తీసుకోమన్నాను, పసరు మందు జోలికి పోవద్దన్నాను, పంపేశాను. పది రోజులకు ఇంకొకరు వచ్చారు. నెలాఖరులోపు మరో ఇద్దరు. ఒక్కొక్కరినీ శ్రద్ధగానే చూశాను. రిజిస్టరులో పేరు, వయసు, వీధి, జబ్బు రాశాను. పేజీ తిప్పేశాను.

సెప్టెంబరు ఆఖర్లో ఒక నిండు గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారు. ఎనిమిదో నెల. కళ్లు పసుపుముద్దలా ఉన్నాయి, మనిషి మగతలో ఉంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. మూడో రోజు కబురొచ్చింది, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదని.

ఆ సాయంత్రం ఓపీ అయిపోయాక మా కాంపౌండరు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. "డాక్టరుగారూ, ఒకసారి చూడండి. పచ్చకామెర్లోళ్లంతా ఆ రెండు వీధులోళ్లేనండి. ఒకే కుళాయి నీళ్లు తాగుతారు" అన్నాడు. లెక్కపెట్టాను. పదకొండు చుక్కలు. మర్నాడు పంచాయతీ వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చూస్తే, కుళాయి పైపు మురుగుకాలువలోంచి పోతోంది. అతుకు దగ్గర పగిలి ఉంది.

మురుగు కలిసిన నీళ్లతో వచ్చే ఈ కామెర్లకు కారణం హెపటైటిస్-ఇ వైరస్. అది ఒంట్లో చేరాక జబ్బు పైకి కనబడడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది, సగటున నెలా పది రోజులు. చివరి నెలల్లో ఉన్న గర్భిణులకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. అంటే ఆ తల్లి ఆ నీళ్లు తాగింది బహుశా ఆగస్టులో. నాలుగో చుక్క పక్కనున్న పేరు నేను రిజిస్టరులో రాసింది జులైలో. ఆ నాలుగో పేరు రాసినప్పుడు నేను నాలుగు పేజీలు వెనక్కి తిప్పి ఉంటే "నీళ్లు కాచి తాగండమ్మా" అన్న మాట ఆ వీధులకు ముందే చేరేది. కావలసిన సమాచారమంతా నా చేతిరాతలోనే ఉంది. రాసిన నేనే చదవలేదు.

తర్వాత చాలా ఏళ్లకు విలియం పికిల్స్ అనే డాక్టరు గురించి చదివాను. ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండలోయల్లో ఏస్‌గార్త్ అనే పల్లెలో ఆయన ఫ్యామిలీ డాక్టరు. ప్రయోగశాల లేదు, విశ్వవిద్యాలయ పదవి లేదు. ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసేవాడు. ఎవరికి ఏ జబ్బు ఏ తేదీన మొదలైందో, వాళ్లు అంతకుముందు ఎవరిని కలిశారో రాసుకునేవాడు. ఆ లెక్కలు పట్టికల్లోకి ఎక్కించడంలో భార్య, కూతురు సాయపడేవారు. 1929లో ఆ లోయలో పచ్చకామెర్లు పాకాయి. ఒక అమ్మాయి పొద్దున జబ్బుతో మంచం మీదుండి, సాయంత్రం లేచి ఊరి ఉత్సవానికి వెళ్లింది. దాదాపు నెల తర్వాత ఆ ఉత్సవానికి వచ్చినవాళ్లలో కొందరికి కళ్లు పచ్చబడ్డాయి. ఇలాంటి కలయికల తేదీలను ఒకదానికొకటి ముడివేసి, ఆ జబ్బు పైకి కనబడడానికి 26 నుంచి 35 రోజులు పడుతుందని తేల్చాడు. ఆ వైరస్‌ను అప్పటికి ఎవరూ చూడలేదు. 1939లో తన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాడు. 1953లో బ్రిటన్ ఫ్యామిలీ డాక్టర్ల కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యాడు.

ఒక్క డాక్టరు రాస్తే ఒక లోయ కథ తెలిసింది. అదే పనిని వందల మంది ఒకే పద్ధతిలో చేస్తే దేశం నాడి దొరుకుతుంది. ఆ కళాశాల 1957లో పరిశోధన కేంద్రం పెట్టింది. 1967 నుంచి దానికి ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల లెక్కలు వారం వారం అందుతున్నాయి. ఫ్లూ లాంటి జ్వరాలు, ఆటలమ్మ, వాంతులు విరేచనాలు ఎందరికి వచ్చాయో అందులో ఉంటుంది. అక్కడ ప్రతి కుటుంబమూ ఒక డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది కాబట్టి, లక్ష మందిలో ఈ వారం ఎందరు జబ్బుపడ్డారో చెప్పగలరు. మామూలుగా ఈ వారంలో ఉండే అంకె ఎంతో అన్నేళ్ల లెక్కలు చెబుతాయి. ఈ వారం అంకె ఆ మామూలు మట్టాన్ని దాటిందంటే ఆసుపత్రుల్లో మంచాలు నిండడానికి ముందే హెచ్చరిక అందినట్టు.

ఇందులో కీలకం అందరూ ఒకే కొలత వాడడం. 38 డిగ్రీల సెల్సియస్, అంటే మన థర్మామీటరు మీద 100.4, లేదా అంతకు మించిన జ్వరం, దగ్గు, మొదలై పది రోజులు దాటకపోవడం. ఈ మూడూ ఉంటేనే ఫ్లూ లాంటి జ్వరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ఒకరు జలుబును, ఇంకొకరు ఒళ్లునొప్పుల్ని అదే లెక్కలో కలిపేస్తే మానిక ఒకటి, తవ్వ ఒకటి పెట్టి ధాన్యం కొలిచినట్టే. కొందరు రోగుల ముక్కు, గొంతు నుంచి స్వాబ్ తీసి ల్యాబుకు పంపుతారు. మన దేశంలో ఆ పనికి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పెద్ద దిక్కు. 1952 నుంచి ఉన్న ప్రపంచ ఫ్లూ నిఘా వ్యవస్థ ఇలాంటి నమూనాల ఆధారంగానే ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, వచ్చే టీకాలో ఏ వైరస్ రకాలుండాలో సిఫారసు చేస్తుంది.

ఇదంతా చల్లని దేశాల సంగతి కదా అనుకోకండి. రైతు కార్తెల లెక్కన విత్తనం వేస్తాడు. జ్వరాలకూ కార్తెలున్నాయి. తొలకరి పడి చెరువుల్లోకి కొత్తనీరు చేరగానే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు. వానలు ముదిరి డాబాల మీద, టైర్లలో, కూలర్లలో నీళ్లు నిలిచాక డెంగీ. ఏజెన్సీలో అదే కాలంలో మలేరియా. ఫ్లూ మన దగ్గర వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి తల ఎత్తుతుంది. చలి వెనకబడి ఎండ ముదిరే రోజుల్లో ఆటలమ్మ. ఊరు ఊరంతా మంచం పట్టాక పేపర్లో "విషజ్వరాలు" అని శీర్షిక వస్తుంది. నిజానికి ఆ జ్వరాలు అంతకు రెండు మూడు వారాల ముందే ఏదో ఒక చిన్న క్లినిక్కు ఓపీ చీటీల మీద కనబడి ఉంటాయి.

మన చేత కాదని కూడా అనుకోవద్దు. మన పొరుగున వెల్లూరులో వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ గారు 1980లలోనే చేసి చూపించారు. అప్పటి ఉత్తర ఆర్కాట్ జిల్లాలో ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లను కలుపుకున్నారు. అచ్చువేసిన పోస్టుకార్డు మీద రోగి వివరాలు రాసి డబ్బాలో వేయడమే డాక్టరు పని. కంప్యూటరు అక్కర్లేదు, స్టాంపు ఖర్చూ లేదు. వచ్చిన కార్డుల సారాన్ని బులెటిన్‌గా మళ్లీ ఆ డాక్టర్లకే పంపేవారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. రాసి పంపినవాడికి తన రాత ఏమైందో తెలిస్తేనే మళ్లీ రాస్తాడు. 1999లో కేరళలోని కొట్టాయం జిల్లా అదే దారి పట్టింది. 2004 నవంబరులో మన దేశమంతటికీ సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం వచ్చింది. ఊళ్లో ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి రాసేది ఎస్ ఫారం, డాక్టరు అనుమానించిన జబ్బును రాసేది పి ఫారం, పరీక్షలో తేలినదాన్ని ల్యాబు రాసేది ఎల్ ఫారం. ఇప్పుడు ఆ నమోదంతా ఆన్‌లైన్లో జరుగుతోంది.

వ్యవస్థ ఉంది. లోటు ఎక్కడంటే మన దగ్గరే. జ్వరమొస్తే మనవాళ్లలో చాలామంది ముందు వెళ్లేది వీధి చివరి ప్రైవేటు క్లినిక్కుకో, ఆరెంపీ దగ్గరికో. ఆ గదుల్లో రాసిన చీటీ రోగి జేబులో ఇంటికి పోతుంది. జిల్లా లెక్కకు చేరదు. మీలో చాలామంది రేపు కూర్చోబోయేది ఆ గదుల్లోనే.

కొన్ని జబ్బులు ఆలస్యాన్ని అసలు సహించవు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు మెదడువాపు జ్వరం వచ్చింది. కరీంనగర్, వరంగల్ జిల్లాలు తల్లడిల్లాయి. దానికి కారణం చండీపురా వైరస్ అని గుర్తించారు. లెక్కకు వచ్చిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. సాయంత్రం ఆడుకున్న బిడ్డ మర్నాటికి లేకుండా పోయిన ఇళ్లున్నాయి. అలాంటి జబ్బుతో మనకు వారాల గడువుండదు. ఒక డాక్టరు ఈ పూట చేసిన ఫోన్ మీద రేపటి పిల్లల బతుకు ఆధారపడుతుంది.

అందుకే మీ దగ్గర కొన్ని మాటలు తీసుకోవాలనుకుంటున్నాను. రిజిస్టరులో "జ్వరం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎన్నాళ్లుగా, ఏ వీధి, ఏ నీళ్లు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఈ నాలుగూ అడగండి, రాయండి. వారానికొక రోజు పెట్టుకుని, ఓపీ అయ్యాక పావుగంట కూర్చుని వెనక్కి తిప్పండి. మన దగ్గర కుటుంబాలు ఒక డాక్టరుకు కట్టుబడి ఉండవు కాబట్టి, ఓపీకి వచ్చిన వంద మందిలో జ్వరాలెన్ని, విరేచనాలెన్ని అని చూసుకోండి. పోయిన వారంతో, నిరుటి ఇదే వారంతో పోల్చండి. ఏమీ లేని వారం కూడా "లేవు" అని రాసి పంపండి. సున్నా కూడా సమాచారమే. కాగితమే రాకపోతే అక్కడ జబ్బు లేదో, డాక్టరు రాయలేదో ఎవరికీ తెలియదు.

రోగి రహస్యం రోగిదే. లెక్కల పట్టికకు పేర్లు అక్కర్లేదు. వయసు, వీధి, తేదీ, లక్షణం చాలు. చట్టప్రకారం పేరుతో తెలపాల్సిన క్షయ లాంటి జబ్బుల వివరాలు వెళ్లాల్సిన అధికారికే వెళ్లాలి, అరుగు మీద కబుర్లలోకి రాకూడదు. మీ పక్కన పనిచేసే వాళ్ల మాట వినండి. ఏఎన్ఎం, ఆశా, ల్యాబు టెక్నీషియన్, మందుల షాపు అబ్బాయి, వీళ్లకు ఊరు మనకన్నా బాగా తెలుసు. నా కళ్లు తెరిపించింది పెన్సిలు పట్టిన కాంపౌండరు.

ఎదురుగా కూర్చున్న రోగికి మందు రాస్తాం. ఇంకా మన గుమ్మం తొక్కని రోగికి రిజిస్టరు రాస్తాం. రెండూ వైద్యమే. ఆ గర్భిణి పేరు రాసిన పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. నాలుగో చుక్క దగ్గర ఆగని ఆ రోజు మీలో ఎవరికీ రాకూడదు.

సోమవారం మీ ఓపీ మొదలవుతుంది. రిజిస్టరు తెరిచి, మొదటి గీత మీద తేదీ వేసి మొదలుపెట్టండి. శనివారం సాయంత్రం దాన్ని మళ్లీ చదవండి.

మీకందరికీ మంచి హస్తవాసి కలగాలని ఆశీర్వదిస్తున్నాను.