అతకని ఎముక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాతోపాటు నేల మీద కూర్చుని చదువుకున్న మిత్రులకు, మా తర్వాత బెంచీల మీద కూర్చున్న అదృష్టవంతులకు అభినందనలు.

వంతెనల గురించి మాట్లాడమని కమిటీవారు అడిగారు. ముప్పై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాను కనుక న్యాయమే. కానీ ఈమధ్య నాకు ఎక్కువ పాఠం చెప్పింది మా అమ్మ కుడి జబ్బ. దాని గురించే చెబుతాను. అరవై దాటిన మాస్టార్లు, టీచర్లు ఇంతమంది ఉన్నారు కదా, పనికొస్తుంది.

అమ్మ 71వ ఏట స్నానాలగదిలో కాలు జారి పడింది. భుజానికీ మోచేతికీ మధ్య ఎముక విరిగింది. నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమోనని అనుమానించాలి. ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. కట్టు కట్టారు. రెండు నెలలకు నొప్పి తగ్గింది. నొప్పి తగ్గింది కాబట్టి అతికిందనుకున్నాం. మళ్లీ ఎక్స్‌రే తీయించలేదు.

నేను హైదరాబాదులో, అమ్మ ఊళ్లో. రోజూ వీడియో కాల్. సగం ముఖం, సగం సీలింగు ఫ్యాను. ఫోను ఎడమచేత్తో పట్టుకుంటోందని నేను గమనించనే లేదు. పది నెలల తర్వాత సంక్రాంతికి వెళ్తే, పక్కింటి అమ్మాయి అమ్మకు తల దువ్వి ముడి వేస్తోంది. "అదేంటమ్మా?" అంటే, "చెయ్యి లేవట్లేదురా, వయసు కదా" అంది. పట్టుకుని చూస్తే జబ్బ మధ్యలో ఇంకో మోచెయ్యి ఉన్నట్టు వంగింది.

గోడలో పగులు కనిపిస్తే దాని మీద గాజుముక్క అతికించి, అది పగిలిందా లేదా అని మళ్లీ మళ్లీ వెళ్లి చూసేవాణ్ణి నేను.

విరిగి తొమ్మిది నెలలు దాటినా, చివరి మూడు నెలల్లో ఏ మార్పూ లేకపోతే దాన్ని అతకని ఎముకగా లెక్కిస్తారట. ఎందుకు అతకలేదని సర్జన్‌గారిని అడిగితే నా భాషలోనే చెప్పారు. స్టీఫన్ పెరెన్ అనే స్విస్ శాస్త్రవేత్త సిద్ధాంతం అది. విరిగిన సందులో కదలిక ఆ సందు వెడల్పులో 2 శాతం లోపు ఉంటే నేరుగా ఎముక పుడుతుంది. 10 శాతం వరకూ ఉంటే ముందు మృదులాస్థి, తర్వాత ఎముక. అంతకు మించితే నారలాంటి కండే మిగులుతుంది. జబ్బ దగ్గర చేతి బరువు కిందికి లాగుతుంది, ముంజేయి తిరిగినప్పుడల్లా మెలిపెడుతుంది. ఇది స్ట్రెయిన్ లెక్క. ఇంజనీరింగు రెండో ఏడాదిలో చదివాను!

గుల్లబారిన ఎముక అసలు అతకదని కాదు, దానికి మరమ్మతు నిలవడం కష్టం. నాసిరకం కాంక్రీటులో బోల్టు బిగించినట్టే, మామూలు స్క్రూ మర తెగి ఊడొస్తుంది. అందుకే అమ్మకు లాకింగ్ ప్లేటు వేశారు. దాని స్క్రూ తలకు కూడా మర ఉంటుంది. అది ప్లేటులోనే బిగుసుకుంటుంది కనుక ఊడితే అన్నీ కలిసి ఊడాలి. సందులోని నారను తీసేసి, తుంటి దగ్గర నుంచి తీసిన ఎముక ముక్కలు నింపారు.

మన సైన్సు మాస్టారు కోడి ఎముకను వెనిగర్‌లో నానబెట్టి, రబ్బరులా వంచి చూపించారు, గుర్తుందా? అమ్మ ఎముకలూ అలా అయ్యాయనుకున్నాను. కాదట. అక్కడ పోయింది సున్నం ఒక్కటే. గుల్లబారడమంటే సున్నమూ, దాన్ని పట్టి ఉంచే పదార్థమూ రెండూ తరగడం. అప్పటికి గానీ డెక్సా స్కాన్ చేయించలేదు. టి స్కోరు మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే జబ్బు ఉన్నట్టు. అమ్మది మైనస్ 3.2. విటమిన్ డి కూడా తక్కువే. మందులు మొదలుపెట్టారు. ఈ పరీక్ష మొదటి రోజే అడగాల్సింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇలా పడితే మీరు అడగండి. నొప్పి లేకపోయినా డాక్టరు చెప్పిన తేదీకి ఎక్స్‌రే తీయించండి.

ఆరో నెలకు ఎముక అతికింది. చెయ్యి పూర్తిగా పైకి లేవదు. దండెం కాస్త కిందికి దించి కట్టాం. ముడి తనే వేసుకుంటోంది. ఫోను కుడిచేత్తోనే పట్టుకుంటోంది, కెమెరా మాత్రం ఇప్పటికీ ఫ్యాను వైపే.