నక్షాపై నక్షా: భూమిని పొరలుగా చదువు విద్య



పొలము హద్దున తగవు వచ్చినప్పుడు మనము టిప్పన్ తెప్పింతుము, గ్రామ నక్షా విప్పుదుము, పహాణీలో సాగు ఎవరి పేర నున్నదో చూతుము. ఒక్కొక్క కాగితము ఒక్కొక్క సంగతి చెప్పును. బావినీరు ఏ సంవత్సరము చెడినది, వాగు మునుపు ఏ దారిని పారినది అనునవి మాత్రము ఏ కాగితమునందును లేవు. వృద్ధుల నోటనే కలవు. విడివిడిగానున్న యీ సంగతుల నన్నిటిని ఒకదానిపై నొకటి పరచి చూపు విద్యకే భౌగోళిక సమాచార వ్యవస్థ యని పేరు. ఇంగ్లీషు పొడి అక్షరములతో జీ.ఐ.యస్. అందురు. పేరు బరువే గాని ఊహ తేలిక.

నాలుగు నూనెకాగితములు తీసికొనుడు. ఒకదానిపై సర్వేనంబర్ల హద్దులు, రెండవదానిపై వాగులు, చెరువులు, మూడవదానిపై బావులు, నాలుగవదానిపై కార్ఖానాలు, రాతిక్వారీలు గీయుడు. నాలుగింటిని కలిపి వెలుతురున కెదురుగా పట్టినచో, ఏ బావి ఏ కార్ఖానాకు దిగువన నున్నదో కంటికి కట్టును. కంప్యూటరు చేయునది యీ పనియే. కాగితములు తప్పుకొనకుండ ఒకదానిపై నొకటి కూర్చుండవలెనన్న, ప్రతి చోటునకు భూమిమీద ఒక గురుతు కావలెను. అవియే అక్షాంశ రేఖాంశములు. లక్డారమునకు ఉత్తరముగా 17 డిగ్రీల పైచిలుకు, తూర్పుగా 78 డిగ్రీల పైచిలుకు. ఇంతేకాక, ప్రతి గురుతు వెనుక ఒక లెక్కపుస్తక ముండును: బావి లోతెంత, ఎప్పుడు త్రవ్విరి, నీటి పరీక్షలో ఏమి తేలినది. పహాణీని నక్షాకు కుట్టివేసినట్లన్నమాట.

ఊహ పాతదే. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా వచ్చి ఆరువందలకు పైగా జనము మరణించిరి. డాక్టరు జాన్ స్నో ఇల్లిల్లు విచారించి, వీధి పంపు నీరే కారణమని అధికారులతో చెప్పి, దాని పిడి తీయించెను. పిమ్మట నక్షాపై ప్రతి మరణమునకు ఒక నల్లగీటు గీయగా, గీట్లన్నియు ఆ పంపు చుట్టునే గుమిగూడెను. ఈ పనికి కంప్యూటరును పూన్చినది 1960 తరువాత కెనడా దేశమున రోజర్ టామ్లిన్‌సన్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు. మన హైదరాబాదునకు దూరగ్రాహక సంస్థ 1974లో వచ్చెను. ఆకాశమునుండి ఉపగ్రహములు తీయు చిత్రములను నేడు షాద్‌నగరులో అందుకొనుచున్నారు.

ఇక మన ఇంటి సంగతి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మురుగు నక్కవాగున బడి, వాగు మంజీరలో కలియుట మీరెరిగినదే. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టునకు ఎక్కెను. ఎవరి భూమి చెడినది, ఎవరికి పరిహారము, ఏ ఊరికి మంచినీరు ముందు తేవలెను? ఈ ప్రశ్నలన్నియు తుదకు “ఎక్కడ” అను ఒక్క మాటకే వచ్చును. వాగు ఒడ్డున నున్నవాని బావియే చెడునని తోచును. భూమి అట్లు నడువదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఇచ్చటి భూగర్భజలమును పరిశీలించి, నక్కవాగు వెంట నేలక్రింద పూడిపోయిన పాత వాగుదారి యున్నదనియు, ఆ ఒండ్రులో నీరు చుట్టుపట్ల నల్లరాతి నేలలోకంటె త్వరగా సాగుననియు తెలిసికొనిరి. నీటితోపాటు విషమును సాగును. పైనుండి చూచిన నది వట్టి చేనే! బావులు, నేల, నీటిమట్టము, పరీక్షాఫలములు అను పొరలను కలిపిననేగాని అట్టి దారి బయటపడదు.

క్వారీల విషయము కొంత సులువు. లక్డారము చుట్టును కంకరమిల్లులు, క్వారీలు కలవు. పది సంవత్సరములనాటి ఉపగ్రహచిత్రముపై నేటి చిత్రమును, దానిపై అనుమతి హద్దును పరచినచో, గొయ్యి హద్దు దాటినదో లేదో వాదము లేకయే తెలియును. లోతు మాత్రము వేరుగా కొలువవలెను.

అట్లని తెరపై కనబడినదెల్ల సత్యమనుకొనరాదు. తప్పు నక్షాను ఒప్పు నక్షాపై పరచినచో తప్పే రంగులతో మెరయును. చిన్న వాగులు వేసవిలో ఎండియుండగా తీసిన చిత్రమున వాగే కానరాకపోవచ్చును. పిమ్మట అది పాటకుపోయిన భూమియని వ్రాయువారును ఉందురు. కావున సర్వేవారు మీ ఊరికి వచ్చినప్పుడు వెంట నడువుడు. పూడిన బావులు, చెరువు నిండినప్పుడు నీరు తాకిన రాయి, అలుగు, శిఖము హద్దు, వాగు విడిచిన పాత దారి మీరే చూపుడు. ఆ చోట యంత్రమును నిలిపి గురుతు వేయించుడు. వేసినదాని ప్రతి యొకటి పంచాయతీలో నుంచుకొనుడు.

2009 నుండి ఇస్రోవారు “భువన్” అను నక్షాను అందరికిని తెరచియుంచిరి. చదువుకొన్న పిల్లవానిని కూర్చుండబెట్టి, ముందు మీ చెరువు కట్టను వెదకించుడు. కట్ట దొరికినచో వాగు దొరకును. వాగు వెంట పైకి పోయినచో దానిలో ఏమి కలియుచున్నదో మీకే తెలియును.