కణాలు రాసుకునే చీటీలు



వైద్యం సంగతి డాక్టర్లు మాట్లాడాలి గానీ బడిపంతుళ్లకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మేము వైద్యం చెప్పడానికి రాలేదు. పాఠం చెప్పడం మా వృత్తి. సంతానలేమి, గర్భిణుల జబ్బుల విషయంలో శాస్త్రం కొత్తగా కనుక్కొన్నదేమిటో, దానిలో మనం నమ్మవలసినదెంతో నాలుగు మాటల్లో చెబుతాం.

ఈ పాఠం మన ఇళ్లకు ఎందుకు కావాలి? పెళ్లయి రెండేళ్లయినా బిడ్డ కలగకపోతే మన వేలు ముందుగా కోడలి వైపే చూపిస్తుంది. గర్భం పోతే ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని ఆమెనే నిలదీస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. కొన్నిసార్లు ఏ పరీక్షకూ అందకపోవచ్చు.

ఇక పాఠంలోకి వద్దాం. మన కణంలోని డీఎన్‌ఏ బడి ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంచిన పాఠ్యపుస్తకం లాంటిది. అవసరమైన పేజీని నల్లబల్ల మీద ఎక్కించినట్టు, కణం ఆ పుస్తకంలోంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసుకుంటుంది. దాన్ని చదివి ప్రొటీన్ తయారుచేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనేది సుమారు 22 అక్షరాలంత చిన్న ముక్క. అది ఆ నకలుకు అతుక్కుంటే చదవడం తగ్గిపోతుంది, లేదా నకలే చెరిగిపోతుంది. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగులో దీన్ని కనిపెట్టి 1993లో ప్రకటించారు. అది పురుగుకే పరిమితమని చాలామంది అనుకున్నారు. మనిషిలోనూ ఇలాంటివి ఉన్నాయని 2000లో తేలింది. 2024లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో సంగతి సూక్ష్మ సంచులది. కణాలు చిన్నచిన్న సంచులను బయటికి వదులుతుంటాయి. వాటిలో ఎక్సోసోమ్‌లనే రకం 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటుంది. ఒక వెంట్రుక మందంలో ఇలాంటివి కొన్ని వందలు పక్కపక్కన పడతాయి. 1983లో గొర్రె రక్తకణాల్లో వీటిని చూసినప్పుడు, కణం చెత్త పారబోసుకునే మార్గమనే భావించారు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఈ సంచుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయనీ, ఒక కణం నుంచి మరో కణానికి చేరుతున్నాయనీ చూపించారు. చెత్తబుట్ట అనుకున్నది తపాలా సంచి అని అప్పుడు తెలిసింది.

ఈ చీటీలు గర్భంలో ఏం చేస్తాయి? బిడ్డను పోషించే మావి తల్లి రక్తంలోకి ఈ సంచులను వదులుతుంది. మన 19వ క్రోమోజోమ్ మీద ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏల గుంపు ఉంది. అది దాదాపుగా మావిలోనే పనిచేస్తుంది. మావి నుంచి వచ్చిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కాన్పుకు ముందు తల్లి రక్తంలో కనిపించి, కాన్పయ్యాక త్వరగా మాయమవుతాయి. అంటే కడుపు కోయకుండా, సూది గుచ్చి తీసిన కాస్త రక్తంతో మావి క్షేమసమాచారం తెలుసుకొనే దారి ఉందన్నమాట.

ఆ సమాచారం ఎంత విలువైనదో ప్రీఎక్లాంప్సియా జబ్బు చెబుతుంది. గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం దీని గుర్తులు. ముదిరితే మన ఊళ్లలో గుర్రపు వాతం అనే మూర్ఛలు వస్తాయి. తల్లీబిడ్డల ప్రాణాలు పోవచ్చు. మావికి రక్తం సరిగా అందక ప్రాణవాయువు తగ్గినప్పుడు మిర్-210 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. ఈ జబ్బులో అది ఎక్కువగా ఉన్నట్టు పలు పరిశోధనల్లో కనిపించింది. ప్రమాదం ముందే పసిగడితే, డాక్టర్లు తగినవారికి 16 వారాలలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టగలరు. అందుకే ఈ వెతుకులాట.

గర్భం నిలవక ముందు కూడా చీటీలు నడుస్తాయి. గర్భాశయం లోపలి పొర విడిచే సంచుల్లోని మిర్-30డి అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను పిండం అందుకుంటుందని 2015లో స్పెయిన్ పరిశోధకులు చూపించారు. మగవారి సంగతికొస్తే, వీర్యంలోనూ ఈ సంచులు ఎన్నో ఉంటాయి. వీర్యంలో శుక్రకణాలు లేవంటే దారి మూసుకుపోయిందా, తయారీయే తగ్గిందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. ఈ సంచుల్లోని చీటీలు దానికి జవాబివ్వగలవని 2018లో బార్సిలోనా పరిశోధకులు ప్రకటించారు.

మరి ఈ పరీక్షలు రేపే చేయించుకోవచ్చా? తొందరపడవద్దని మా మాట. రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో చాలా భాగం సంచుల్లో కాక, ప్రొటీన్లకు అంటుకొని బయటే తిరుగుతుంటుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే వాటి చీటీలు కలిసిపోయి లెక్క తారుమారవుతుంది. సంచులను వేరుచేసే పద్ధతి ఒక ల్యాబ్‌కూ మరో ల్యాబ్‌కూ ఒకటి కాదు. కొద్దిమంది మీద చూసిన ఫలితం వేరే ఊళ్లో రాకపోవడమూ ఉంది. పదిమంది పిల్లల మార్కులు చూసి జిల్లా ఫలితం ప్రకటిస్తామా?

ఇక్కడే దాతలతో మాకు పని ఉంది. బిడ్డ కోసం తపించే దంపతులు ఏ కొత్త పేరు విన్నా ఆశపడతారు. నగ అమ్మేస్తారు, అప్పు చేస్తారు. మీ దగ్గరకు సాయానికీ వస్తారు. ఎక్సోసోమ్ పరీక్ష, ఎక్సోసోమ్ చికిత్స అంటూ ఎవరైనా చీటీ తెస్తే మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎంతమంది మీద, ఎన్ని ఆసుపత్రుల్లో సరిచూశారు? ఫలితం వచ్చాక చికిత్సలో ఏం మారుతుంది? అదే విషయం తక్కువ ఖర్చులో చెప్పే పరీక్ష ఉందా? జవాబు తెలియకపోతే ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరును కనుక్కొని ఆ తర్వాతే డబ్బివ్వండి. అది పిసినారితనం కాదు, ఆ దంపతులకు కాపలా.

ఈలోగా చేయదగినవి మన చేతిలోనే ఉన్నాయి. గర్భిణికి నెలనెలా బీపీ చూపించాలి, మూత్ర పరీక్ష చేయించాలి. బీపీ 140/90కి చేరినా, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, పైకడుపులో నొప్పి, ముఖం ఉబ్బడం కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లాలి. వీర్యపరీక్ష కష్టమేమీ లేనిది. కోడలిని ఆసుపత్రుల చుట్టూ తిప్పి అబ్బాయిని ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు. నెలసరి నొప్పితో అమ్మాయి బడి మానేస్తుంటే, ఆడపిల్లన్నాక భరించాలి అని సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. సంతానలేమికి దారితీయగల ఎండోమెట్రియోసిస్ అలా ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది.

మన సంస్థ వైద్యశిబిరాల్లో గర్భిణులకు బీపీ మిషన్ తప్పనిసరిగా ఉండాలనీ, దంపతుల పరీక్షలకు ఇచ్చే సాయం ఇద్దరి పేరునా ఇవ్వాలనీ ఉపాధ్యాయుల తరఫున కోరుతున్నాం. సూక్ష్మ సంచుల్లోని చీటీలు చదివే రోజు వస్తుంది. మన ఇంటి ఆడపిల్ల నోరు తెరిచి చెప్పే బాధ వినడానికి ఆ రోజు దాకా ఆగనక్కరలేదు.