అంతర్యుద్ధమున ప్రత్తిసీమ, యంత్రసీమ



కురుక్షేత్రమున కూడిన పదునెనిమిది అక్షౌహిణుల లెక్క పిన్నలకు సైతము కంఠస్థము. ఆ సేనలకు గ్రాసము సమకూర్చిన పల్లెల గతి యేమైనదో మాత్రము తలపోయువారు అరుదు. అన్నదమ్ముల పోరు అన్ని సీమలను ఒక్క తీరున పీడింపదు. 1861 ఏప్రిలు మొదలు 1865 వరకు అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ జరిగిన అంతర్యుద్ధమే ఇందుకు తార్కాణము.

యుద్ధమునకు మునుపు ఆ దేశపు కర్మాగారములలో తయారగు సరుకున పదింట తొమ్మిది పాళ్ళు ఉత్తరమునదే. రైలుమార్గము ఉత్తరమున సుమారు 22,000 మైళ్ళు, దక్షిణమున 9,000 మైళ్ళు. దక్షిణపు సంపదలో ముఖ్యభాగము ప్రత్తియందును, దానిని పండించు నల్లజాతి బానిసలయందును ఉండెను. 1860లో ఆ దేశమున బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలు. మనుష్యులను పశువుల వరుసన ఆస్తిపట్టీలో వ్రాసికొనిరి; అది అధర్మపు పద్దు. ఇంగ్లండు నూలుమిల్లులకు కావలసిన ప్రత్తిలో ఇంచుమించు నాలుగింట మూడు పాళ్ళు ఆ సీమనుండియే పోవుచుండెను. ప్రత్తి నిలిపినచో ఇంగ్లండు తమ పక్షమున దిగక తప్పదని అచ్చటి భూస్వాములు భ్రమించి, తొలి యేట ఎగుమతిని తామే ఆపిరి. ఇంగ్లండు గిడ్డంగులలో వెనుకటి ప్రత్తి దండిగా నిలువయుండెను! ఇంతలో ఉత్తరపు నావికాదళము దక్షిణపు రేవులను దిగ్బంధించెను.

ప్రత్తిని తినజాలరు గదా. మాంసమును ఉప్పులో ఊరవేసి నిలువచేసికొనుట ఆ దేశపు ఆచారము. ఉప్పులో పెద్దభాగము ఓడలపైననే వచ్చుచుండెడిది. రేవులు మూతపడగా, మాంసమును పొగబెట్టు కొట్టముల నేల త్రవ్వి, ఆ మట్టిని నీట మరగించి, ఏండ్ల తరబడి అందు ఇంకిన ఉప్పును గృహిణులు తీసికొనవలసి వచ్చెను.

ప్రత్తి తగ్గించి మొక్కజొన్న వేయుడని కొన్ని రాష్ట్రములు శాసించెను. పంట పండెను, మోయు బండి లేదు. అరిగిన పట్టాలు మార్చుటకు ఇనుము దొరకదు. రిచ్‌మండు నగరపు పెద్ద ఇనుప కర్మాగారము ఫిరంగులు పోయుటతోనే సరిపుచ్చుకొనుచుండెను. ఒకచోట ధాన్యము ఉండియు వేరొకచోట ఆకలి. 1863 ఏప్రిలులో, దక్షిణమునకు రాజధానియైన ఆ రిచ్‌మండులోనే, స్త్రీలు రొట్టెకొరకు అంగళ్ళను కొల్లగొట్టిరి. ఆ నెలలోనే రైతు తన పంటలో పదవ పాలును సర్కారునకు ధాన్యరూపమున చెల్లింపవలెనని చట్టమయ్యెను. అచ్చొత్తిన నోట్ల విలువ సన్నగిల్లి, 1865 నాటికి ధరలు సుమారు తొంబది రెట్లకు ఎగబ్రాకెను.

యంత్రము గెలిచెను, నాగలి ఓడెనని కొందరందురు. అది సరిగాదు. ఉత్తరమునను రైతులు లక్షోపలక్షలు. కొడుకులు దండునకు పోగా కోతయంత్రములు చేలలో దిగెను. ఇల్లాండ్రును వానిని తోలిరి. సైన్యమునకు పెట్టగా మిగిలిన గోధుమ ఇంగ్లండునకు పోయెను. స్వయముగా నివసించి సాగుచేయువారికి 160 ఎకరముల వరకు సర్కారు భూమి నిచ్చు చట్టమును 1862లో, యుద్ధము నడుమనే చేసిరి. అచ్చటను అందరును బాగుపడలేదు. ప్రత్తి రాక నూలుమిల్లులు పెక్కు పడుకొనెను, ఉన్నిమిల్లులు లేచెను. ధరలు పెరిగినంతగా కూలి పెరుగలేదు. మిగులు గుత్తేదారులది. ఉత్తరము పండించినదానిని, పోతపోసినదానిని యుద్ధము వాడుకొనగలిగెను. దక్షిణపు ముఖ్యపంట యుద్ధమునకు పనికిరాలేదు. భేదమంతయు నచ్చటనే యున్నది.

ఆ ప్రత్తికరవు తెలుగునాటిని సైతము తాకెను. గుంటూరు ప్రాంతపు ప్రత్తి కాకినాడ రేవున ఓడలకెక్కి సీమకు పోయెను. ఆ రేవు ప్రసిద్ధికి వచ్చుట ఆ దినములలోనే. యుద్ధము ముగియుటతో ధర పడిపోయెను.

1860కిని 1870కిని నడుమ ఉత్తరపు సంపద సగము పెరుగగా, దక్షిణపు సంపద అయిదింట మూడు పాళ్ళు తరిగెనని చరిత్రకారుల అంచనా. అందు పెద్దభాగము బానిసల వెలగా వ్రాసికొన్న పద్దు కొట్టివేయబడుటయే. దానికి వగవ పనిలేదు. పశువులలో అయిదింట రెండు పాళ్ళు నశించుట మాత్రము నిజమైన నష్టము. విముక్తులైన బానిసలకు స్వేచ్ఛ దొరికెను, భూమి దొరకలేదు. వారిలో పెక్కుమంది పాత యజమానుల చేలనే కోరుకు సాగుచేసిరి. విత్తనములు, పిండి, ఉప్పు దుకాణదారు అరువిచ్చి, రాబోవు పంటను తాకట్టు పట్టుచుండెను. చేనిలో ప్రత్తియే వేయవలెనని అతని షరతు. మొక్కజొన్నయైనచో అప్పు తీరకమునుపే ఇంటివారు తినివేయుదురు.