అరువు తెచ్చిన నవ్వులు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగువారి సభలో కార్టూను చిత్రాల గురించి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. సాయంకాలపు తరగతుల్లో తెలుగు నేర్పే మాకు ఆ చిత్రాలతో ప్రతివారం పని పడుతూనే ఉంటుంది. పిల్లల పరిహాసాల్లో సగం అక్కడివే. వాళ్ళు నవ్విన చోట మాకు నవ్వు రాదు. మేము నవ్విన చోట వాళ్ళు మా ముఖం వంక చూస్తారు. దీనికి కారణమేమిటో విచారిద్దామనే ఈ నాలుగు మాటలు.

ఒక కథ నడుస్తూ ఉంటుంది. మధ్యలో దానితో ఏ సంబంధమూ లేని మరొక సినిమానో, నటుణ్ణో, పాటనో గుర్తు చేసి నవ్విస్తారు. 2001లో వచ్చిన ‘ష్రెక్’ చూడండి. ఫియోనా రాకుమారి అడవిలో దొంగలను తన్నబోయి గాలిలోకి ఎగిరి, అక్కడే ఆగిపోతుంది. ఆగి, చెదిరిన జుట్టు సవరించుకుంటుంది. తరువాతే తన్నులు. 1999లో వచ్చిన ‘మేట్రిక్స్’ లోని పోరాటానికి ఇది వెక్కిరింపు. అది చూసినవారికి ఇక్కడ రెండు నవ్వులు. చూడని అవ్వకు కూడా ఒక నవ్వు మిగులుతుంది, ఎందుకంటే కొట్లాట మధ్యలో జుట్టు సవరించుకోవడం ఏ దేశంలోనైనా నవ్వు పుట్టించేదే. చూడనివారికి కూడా ఇలా ఏదో ఒకటి మిగిల్చేదే మంచి చమత్కారమని మా అభిప్రాయం.

1992 నాటి ‘అలాదీన్’ లో దీపపు భూతానికి గొంతు ఇచ్చినవారు రాబిన్ విలియమ్స్. అరేబియా కథలోని ఆ భూతం క్షణానికొక అమెరికా నటుడిగా మారిపోతాడు. ఒకచోట ఎడ్ సల్లివన్ అవుతాడు. ఆయన కార్యక్రమం అమెరికా టెలివిజన్‌లో 1948 నుండి 1971 వరకు నడిచింది. మన దక్షిణాఫ్రికాలో దేశవ్యాప్త టెలివిజన్ ప్రసారాలు మొదలైనదే 1976 జనవరి 5న! అమెరికాలో ఏ తాతనడిగినా ఆయన నిలబడే తీరు చూపించగలడు. డర్బన్‌లో మనకు ఆయన ఎవరో ఏమి తెలుసు? అయినా భూతం గొంతు, ఆకారం అంత వేగంగా మారుతుంటే మనవాళ్ళూ నవ్వారు. బొమ్మ గీసినవారి పనితనం అది.

ఇంకా వెనక్కి వెళ్తే బగ్స్ బన్నీ ఉన్నాడు. 1934లో వచ్చిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ అనే సినిమాలో క్లార్క్ గేబుల్ కంచెకు ఆనుకుని, క్యారెట్టు నములుతూ నోరు నిండా మాటలాడతాడు. కుందేలు క్యారెట్టు నమిలే తీరు అక్కడి నుండి తెచ్చుకున్నదేనని దాన్ని తయారుచేసినవారే చెప్పారు. ఆనాటి ప్రేక్షకులకు అది గేబుల్ మీద హాస్యం. ఈనాటి పిల్లలకు గేబుల్ ఎవరో తెలియదు, కుందేలు మాత్రం తెలుసు. పైగా కుందేళ్ళన్నీ క్యారెట్లు తింటూనే బతుకుతాయని నమ్ముతారు!

అన్నీ ఇలా నిలబడవు. 2004లో వచ్చిన ‘షార్క్ టేల్’ లో సొరచేపలు మాఫియా పెద్దల్లా మాటలాడతాయి. ‘గాడ్‌ఫాదర్’ 1972 నాటి సినిమా, అదీ పెద్దలు చూసేది. చేపల కోసం వచ్చిన ఏడేళ్ళ పిల్లవాడికి అందులో ఏముంది? మాకు ఆ చిత్రం రుచించలేదు.

ఈ విద్య హాలీవుడ్‌లో పుట్టిందని పిల్లలు అనుకుంటారు. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటలో రామాయణం ఆడుతూ ఉండగానే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి దూకి ఆ ఊరి సంగతులు, ఆ కాలపు సంగతులు కలిపి జనాన్ని నవ్వించేవారు. దీపపు భూతానికి వీళ్ళు పెద్దన్నల వరస. ‘మాయాబజార్’ సంగతీ అంతే. 1957లో వచ్చిన ఆ సినిమా తెలిసిన ఇంట్లో, విస్తరి నిండా వడ్డించుకున్నవాణ్ణి చూసి ఘటోత్కచుడి భోజనమని ఒక్కమాట అంటే చాలు, పంక్తి అంతా నవ్వుతుంది. మూడో తరం వాళ్ళమైన మేము ఆ సినిమాను తరగతిలో పాఠంలాగా నేర్చుకున్నాము. నేర్చుకున్నాక నవ్వడానికి కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఇప్పుడు అసలు మేము చెప్పదలచిన విషయానికి వస్తాము.

1994లో వచ్చిన ‘లయన్ కింగ్’ మీరందరూ చూసినదే. టిమోన్, పుంబా అడవిలో నడుస్తూ ఒక పాట పాడుకుంటారు. అడవిలో సింహం నిద్రపోతున్నదని ఆ పాట. అంతలోనే ఆకలిగొన్న ఆడసింహం నాలా పుంబా మీదికి వస్తుంది. హాస్యం అక్కడే ఉంది. మేము ఆ భాగం తరగతిలో చూపించి, ఈ పాట ఎక్కడిదని అడిగాము. సినిమాలోదే అన్నారు పిల్లలు. ఒకరి తండ్రి మాత్రం 1961లో టోకెన్స్ అనే అమెరికా బృందం పాడిన పాట అన్నారు. ఆయన కొంతదూరం వెళ్ళారు, ఇల్లు చేరలేదు.

ఆ పాట పేరు ‘మ్బూబే’. జులూ భాషలో సింహమని అర్థం. బడిలో జులూ చదువుతున్న పిల్ల ఒకతె మాకంటె ముందే ఆ అర్థం చెప్పింది. దాన్ని కట్టినవాడు సాలొమన్ లిండా. మన పెద్దలు చెరకు తోటల్లో పనిచేసిన ఈ నాటాల్‌లోనే, మ్సింగా ప్రాంతంలో పుట్టినవాడు. 1939లో జోహానెస్‌బర్గ్‌లో తన ‘ఈవెనింగ్ బర్డ్స్’ బృందంతో రికార్డు ఇచ్చాడు. హక్కులకు ఆయనకు దక్కినది పది షిల్లింగులని చెబుతారు. ఆ రికార్డు అమెరికా చేరింది. 1950ల మొదట్లో వీవర్స్ బృందం పాడేటప్పటికి జులూ మాట వాళ్ళ చెవులకు సరిగా వినబడక ‘విమోవే’ అయింది. ఆ తరువాత ఇంగ్లీషు మాటలు చేరాయి. లిండా 1962లో పేదవాడిగానే కన్నుమూశాడు.

2004లో ఆయన కుమార్తెల తరఫున ఈ దేశపు న్యాయస్థానంలో దావా పడింది. రచయిత పోయిన 25 సంవత్సరాలకు హక్కులు వారసులకు తిరిగి రావాలన్న 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం వారికి ఆధారమైంది. 2006లో రాజీ కుదిరింది. పాట ‘మ్బూబే’ నుండి పుట్టినదని, లిండా దాని కర్తల్లో ఒకడని ఒప్పుకున్నారు. పాత బాకీకీ, రాబోయే కాలానికీ కుటుంబానికి సొమ్ము ముట్టింది.

సినిమాలో ఆ పాట కొన్ని క్షణాలే. మన పిల్లలు అమెరికా పాట అనుకుని నవ్వారు, అది పుట్టింది మన పక్క కొండల్లోని మనిషి గొంతులో. ఆ రోజు నుండి మా తరగతిలో ఒక పద్ధతి పెట్టాము. పరిహాసం ఎవరు ఆడినా సరే, అది ఎక్కడి నుండి తెచ్చారో చెప్పి తీరాలి. చెప్పలేకపోతే వచ్చే వారానికి కనుక్కుని రావాలి. దీనివల్ల తరగతి నెమ్మదిగా నడుస్తున్నదని కొందరు తల్లిదండ్రుల ఫిర్యాదు. నిజమే, గుణింతాలు రెండు వారాలు వెనకబడ్డాయి.

ఈ సాయంకాలం ఏడు గంటలకు చిన్న హాలులో పిల్లల బొమ్మలాట ఉంది. కేతిగాడి మాటలు పిల్లలే రాశారు. జుట్టుపోలిగాడు రావణుణ్ణి తన్నబోయి, గాలిలో ఆగి, పిలక సవరించుకుంటాడు. అది పెద్దలకు అర్థం కాకపోతే పక్కనున్న పిల్లలను అడగండి. బంగారక్క సామెత ఒకటి చెబుతుంది. అది పిల్లలకు అర్థం కాదు, మీరు చెప్పవలసి ఉంటుంది. ముందు వరుస కుర్చీలు దయచేసి అవ్వలకు, తాతలకు వదలండి.